చూపిన జవాబు, జరిగిన జవాబు: ఇన్‌స్టాలరు డైలాగులపై ఒక విమర్శ

కంప్యూటరులో క్రొత్త సాఫ్ట్‌వేరును నెలకొల్పునప్పుడు తెరమీద వరుసగా కొన్ని చిన్న కిటికీలు వచ్చును. ఏ ఫోల్డరులో పెట్టవలెను? ఒక్కరికా, ఈ యంత్రమును వాడువారందరికా? పూర్తిగానా, కొంత మాత్రమేనా? ప్రతి కిటికీ అడుగున ‘నెక్స్ట్’ అను బటను ఉండును. మనలో పెక్కుమంది చదువకయే దానిని నొక్కుచు పోవుదుము. ఈ కిటికీలకు డైలాగులని పేరు. వీనిని నడుపు ప్రోగ్రామునకు ఇన్‌స్టాలరని పేరు. డైలాగనగా సంభాషణ. సంభాషణ యన్నప్పుడు ఒకరు అడుగుటయు, వేరొకరు చెప్పుటయు, చెప్పిన మాటను అడిగినవారు వినుటయు ఉండవలెను. ఇన్‌స్టాలరు డైలాగులలో మొదటి రెండును కనబడుచున్నవి. మూడవది ఎంతవరకు జరుగుచున్నదో పరిశీలించుటయే ఈ వ్యాసము పని.

ఇది కంప్యూటరు నిపుణుల గొడవ, సామాన్య పాఠకునకు దీనితో పనియేమి యని కొందరనుకొనవచ్చును. కాని ఆ చిన్న గడిలో పెట్టు టిక్కుమీదనే పెక్కు సంగతులు ఆధారపడి యున్నవి. యంత్రము తెరచినప్పుడెల్ల ఏ ప్రోగ్రాము తనంత తాను మొదలగును, మన వాడుకను గూర్చిన సమాచారము తయారీదారునకు పోవునా, మనము కోరని వేరొక సరకు కూడ లోనికి వచ్చునా, మెనూలు తెలుగున ఉండునా, ఇంగ్లీషున ఉండునా, ఇవన్నియు అక్కడనే తేలును. ముప్పది యంత్రములున్న ఒక పాఠశాల గదిలో ఒక్కరు చేసిన ఎన్నిక ముప్పదింటికిని, వానిముందు కూర్చుండు పిల్లలందరికిని వర్తించును. కనుక ఈ ప్రశ్నల వరుసను కూడ ఒక రచనగా నెంచి, దాని గుణదోషములను విచారించుట అనవసరము కాదు.

ఎన్నిక సాధనములు

ఇన్‌స్టాలరు మనచేత ఎన్నిక చేయించుటకు వాడు సాధనములు ముఖ్యముగా నాలుగు. మొదటిది చెక్ బాక్సు, అనగా చదరపు గడి. ఇందు టిక్కు పెట్టవచ్చును, తీయవచ్చును. ఒక గడికి మరియొక గడితో సంబంధము లేదు. రెండవది రేడియో బటను, గుండ్రని గడి. పూర్వము కారు రేడియోలలో స్టేషను మార్చుటకు బొత్తాములుండెడివి. ఒకదానిని నొక్కినచో అంతకుముందు నొక్కియున్నది పైకి లేచెడిది. ఆ పోలికను బట్టియే దీనికీ పేరు వచ్చినది. ఒక గుంపులో ఒక్కదానినే ఎన్నుకొనవలసినప్పుడు దీనిని వాడుదురు. మూడవది జాబితా. జాబితా అంతయు తెరమీద పరచియున్నచో లిస్టు బాక్సు. మడతపెట్టి, బాణము గుర్తు నొక్కినప్పుడు జారి వచ్చునట్లున్నచో కాంబో బాక్సు. నాలుగవది చెట్టు. సాఫ్ట్‌వేరులోని భాగములను కొమ్మలు, రెమ్మలుగా చూపి, ఏది కావలెనో ఏది వలదో కొమ్మకొమ్మకును చెప్పుకొనుమనును.

సాధనము రూపమే చూచువానికి కొంత చెప్పుచున్నది. చదరపు గడి ‘రెండును కావచ్చును’ అనును. గుండ్రని గడి ‘ఒక్కటే’ అనును. ఒక్కటే ఎన్నుకొనవలసిన చోట రెండు చదరపు గడులు పెట్టి, ఒకదానిలో టిక్కు పెట్టగానే రెండవదానిలోనిది మాయమగునట్లు చేసినచో, ఆ రూపము చెప్పిన మాట అబద్ధమగును. అట్లే రెండే దారులున్న చోట కాంబో బాక్సు పెట్టుటయు మంచిది కాదు. మడతలో దాగిన రెండవ దారి కలదని తెలియనివారు మొదటిదానితోనే సరిపెట్టుకొందురు. ఈ సంగతులు సులభముగనే తెలియును. కష్టమైన దోషములు తెర వెనుక నున్నవి.

తెర వెనుక పట్టికలు

విండోస్ ఇన్‌స్టాలరు అను ఏర్పాటును మైక్రోసాఫ్ట్ సంస్థ 1999లో ఆఫీస్ 2000తోపాటు వెలువరించినది. అంతకుముందు ఏ తయారీదారుడు ఆ తయారీదారుడే తన స్థాపన ప్రోగ్రామును తన పద్ధతిలో వ్రాసుకొనెడివాడు. విండోస్ ఇన్‌స్టాలరు వచ్చిన పిదప స్థాపనకు వలసిన సమస్త విషయములును ఎం.ఎస్.ఐ. అను ఒక ఫైలులో, పట్టికల రూపమున చేరినవి. అది నిజమునకొక డేటాబేసు. డైలాగు పట్టికలో కిటికీలు, కంట్రోలు పట్టికలో ఒక్కొక్క కిటికీలోని భాగములు, రేడియో బటను, కాంబో బాక్సు, లిస్టు బాక్సు, చెక్ బాక్సు అను పట్టికలలో ఆయా ఎన్నికల వివరములు ఉండును. ఆర్కా అను చిన్న సాధనముతో ఆ పట్టికలను తెరచి, ఎవరైనను వరుసవరుసగా చదువవచ్చును.

ఇందు కీలకమైనది ప్రాపర్టీ. ప్రాపర్టీ యనగా పేరు వ్రాసి పెట్టిన ఒక అర యనుకొనుడు. తెరమీది ప్రతి ఎన్నిక సాధనమును ఒక ప్రాపర్టీతో ముడివేయుదురు. మనము రేడియో బటను నొక్కినచో దానికి చెందిన విలువ ఆ అరలో పడును. తరువాత ఫైళ్లను పెట్టు పనివాడు తెర వంక చూడడు. అరలోనిదే చదువుకొని పని చేయును.

ఇది మెచ్చదగిన ఏర్పాటు. ఎట్లనగా, తెర లేకుండనే అర నింపవచ్చును. ఒక జిల్లా కార్యాలయములో వంద యంత్రములున్నచో, వందమార్లు కిటికీలు తెరచి నొక్కవలసిన పని లేదు. ఒక్క ఆజ్ఞలో ప్రాపర్టీల పేర్లను, విలువలను వ్రాసి, అన్ని యంత్రములందును నిశ్శబ్దముగా స్థాపన జరుపవచ్చును. కాని ఈ సౌకర్యము వెంటనే ఒక ధర్మము కూడ వచ్చుచున్నది. జవాబిప్పుడు రెండు చోట్ల ఉన్నది: తెరమీద చూపిన బొమ్మలో ఒకటి, అరలోని విలువలో ఒకటి. ఆ రెండును ఎల్లప్పుడును ఒకటిగా నుండునట్లు చూచుట డైలాగు వ్రాసినవాని బాధ్యత. ఆ ఏకత్వము ఎక్కడెక్కడ చెడుచున్నదో చూతము.

సున్న యన్నను అవుననియే

మొదట చెక్ బాక్సు. ఇందు టిక్కు పెట్టినచో ప్రాపర్టీలో ఒక విలువ పడును. సాధారణముగా అది 1. టిక్కు తీసినచో ఏమి పడవలెను? సున్న పడునని ఎవరైనను అనుకొందురు. పడదు. అర ఖాళీ యగును. కనుక కిటికీ తెరచినప్పుడు గడిలో టిక్కు చూపవలెనా వలదా యని నిర్ణయించుటకు ఇన్‌స్టాలరు వేసుకొను ప్రశ్న ‘విలువ ఎంత?’ అని కాదు. ‘అర ఖాళీగా నున్నదా లేదా?’ అని మాత్రమే. అరలో 1 ఉన్నను టిక్కే, 0 ఉన్నను టిక్కే. వలదను తలంపుతో సున్న వ్రాసి పెట్టిన క్రొత్త రచయిత, కిటికీ తెరచి చూచి, టిక్కు పెట్టియుండుట కని ఆశ్చర్యపోవును. ఆజ్ఞలో సున్న వ్రాసి పంపిన కార్యాలయపు నిర్వాహకునకును ఇదే గతి. వలదని చెప్పుటకు ఒక్కటే మార్గము: ఏమియు చెప్పకుండుట.

ఇది రచయితలను తికమక పెట్టు చిన్న చిక్కు మాత్రమే యని సరిపెట్టుకొనరాదు. బడిలో మార్కుల జాబితాను చూడుడు. సున్న వచ్చిన పిల్లవాని యెదుట 0 అని వ్రాయుదురు. పరీక్షకు రాని పిల్లవాని గడిని ఖాళీగా నుంచరు, రాలేదని వ్రాయుదురు. ఆ రెండును వేరని ప్రతి ఉపాధ్యాయునకును తెలియును. చెక్ బాక్సు ఈ భేదమును చెరిపివేయుచున్నది. అడిగితిమి, వలదన్నాడు అనునది ఒకటి. అడిగితిమి, చెప్పలేదు అనునది రెండవది. అసలు అడుగనే లేదు అనునది మూడవది. ఈ మూడును ఒకే ఖాళీగా మారుచున్నవి. ‘మీ వాడుక సమాచారమును మాకు పంపవచ్చునా?’ అను ప్రశ్నకు వలదన్న మనిషిని, రేపు క్రొత్త కూర్పు వచ్చినప్పుడు అడుగబడని మనిషినుండి వేరుచేయుట ఎట్లు? అంగీకారమును గూర్చిన ప్రశ్నలలో నిరాకరణకు ఒక గుర్తు ఉండి తీరవలెను. కావున అట్టి ప్రశ్నలకు చెక్ బాక్సు తగదు. ‘పంపుడు’, ‘పంపవలదు’ అను రెండు రేడియో బటనులే తగును. అప్పుడు రెండు జవాబులకును రెండు విలువలుండును. ఖాళీ యనగా ఇంకను జవాబు రాలేదని అర్థమగును.

వరుసలో నున్న పక్షపాతము

జాబితాల సంగతికి వత్తము. కాంబో బాక్సు పట్టికలో ప్రతి పంక్తికిని వరుస సంఖ్య వ్రాయుటకొక నిలువు గడి కలదు. అందు ఒకటి, రెండు, మూడు అని వ్రాసినంత మాత్రమున తెరమీద ఆ వరుసయే వచ్చునని తలంపరాదు. ఆ సాధనమునకు ‘సార్టెడ్’ అను గుణమును కూడ జతచేయవలెను. సార్టెడ్ యనగా వరుసపరచినది. అకారాది క్రమమున వరుసపరచుట యనియే ప్రోగ్రాములు వ్రాయువారు అర్థము చేసికొందురు. ఇచట వ్యవహారము తలక్రిందులు. ఈ గుణమున్నచో రచయిత వ్రాసిన వరుస వచ్చును. లేకున్నచో అక్షర క్రమము వచ్చును. నెలల పేర్లను జనవరి మొదలు వ్రాసి, ఈ గుణమును మరచినచో, ఇంగ్లీషు అక్షర క్రమము ప్రకారము ఏప్రిల్ తలయెత్తి మొదట నిలుచును. పని ఆగిపోదు, కాని చదువువాని కన్ను తడబడును. పేరొకటి, గుణమొకటి యగుట ఏ శాస్త్రమునందును మంచిది కాదు.

వరుస అలంకారము మాత్రమే యని తలంచువారికి 2010 నాటి ఐరోపా ఉదంతము చక్కని పాఠము. విండోస్‌తోపాటు ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరును మాత్రమే ఇచ్చుట పోటీకి భంగకరమని ఐరోపా కమిషను అభ్యంతరము తెలుపగా, 2009 డిసెంబరులో మైక్రోసాఫ్ట్ ఒక ఒప్పుదలకు వచ్చినది. దాని ప్రకారము ఐరోపాలో విండోస్ వాడువారికి ఒక ఎన్నిక తెర చూపవలెను. అందు ఐదు ప్రధాన బ్రౌజర్లు ఎవరికిని మొదటి పీట దక్కకుండ, ప్రతిసారియు యాదృచ్ఛికమైన వరుసలో రావలెను. అనగా ఒక్కొక్క బ్రౌజరు ఒక్కొక్క స్థానములో నూటికి ఇరువదిమార్లు వచ్చుట న్యాయము. రాబ్ వీర్ అను ప్రోగ్రామరు ఆ తెరను వేలమార్లు నడిపించి లెక్కవేయగా, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరులో చూచినప్పుడు ఆ బ్రౌజరు పేరే చివరి స్థానములో నూటికి ఇంచుమించు ఏబదిమార్లు వచ్చుచున్నట్లు తేలినది.

ఇది కుట్ర కాదు. గణితమున జరిగిన పొరపాటు. వరుసపరచు పద్ధతికి రెండు వస్తువుల నిచ్చి, ఏది ముందని అడిగినప్పుడు, బొమ్మా బొరుసా వేసినట్లు ఏదో ఒక జవాబు చెప్పించినారు. కాని వరుసపరచు పద్ధతి తనకు వచ్చు జవాబులు ఒకదానితో ఒకటి పొసగుననియే నమ్మి నడచును. మొదటిది రెండవదానికన్న ముందు, రెండవది మూడవదానికన్న ముందు అన్నచో, మొదటిది మూడవదానికన్న ముందనుట నిజము కావలెను. పొంతన లేని జవాబులిచ్చినచో వచ్చు వరుస సమానముగా కలియదు. ఏదో ఒక వైపు మొగ్గును. పేకముక్కలను నిజముగా కలుపుటకు వేరే పద్ధతి కలదు. చివరి స్థానమునకు అన్నింటిలోనుండి ఒకదానిని లాటరీ తీసి, దాని ముందరి స్థానమునకు మిగిలినవానిలోనుండి ఒకదానిని తీసి, ఇట్లే మొదటివరకు రావలెను. దీనికి ఫిషరు, యేట్సు అను ఇద్దరు శాస్త్రజ్ఞుల పేరు ఉన్నది. లోపము బయటపడిన తరువాత ఎన్నిక తెరను సరిదిద్దినారు. ఇంత పెద్ద సంస్థ, ఇంత పెద్ద ఒప్పుదలలో, ఐదు పేర్ల జాబితాను న్యాయముగా కలుపుటలో తడబడినదన్నచో, వరుస ఎంత జాగ్రత్తగా చూడవలసిన విషయమో పాఠకులే గ్రహింతురు.

దారిలో పోయిన జవాబు

ఇంతవరకు చూచినవి తెరమీది దోషములు. తెర సరిగా నుండి, జవాబు దారిలో పోవు సందర్భములు కూడ కలవు. ఇవి మరింత గట్టి దోషములు.

విండోస్ ఇన్‌స్టాలరు పని రెండు దశలలో జరుగును. మొదటి దశలో కిటికీలు వచ్చి ప్రశ్నలడుగును. రెండవ దశలో వేరొక ప్రక్రియ, హెచ్చు అధికారములతో, ఫైళ్లను పెట్టును. మొదటి దశలోని అరలన్నియు రెండవ దశకు పోవు. పేరంతయు పెద్ద అక్షరములతో వ్రాసిన ప్రాపర్టీలు మాత్రమే పోవును. పేరులో ఒక్క చిన్న అక్షరమున్నను అది ఆ గడప దాటదు. తెలుగు లిపిలో పెద్ద అక్షరము, చిన్న అక్షరము అను భేదము లేదు గనుక మన పాఠకులకిది వింతగా తోచవచ్చును. ఇంగ్లీషు లిపిలో వ్రాయు ఆ పేర్లకు ఇదియే సరిహద్దు. భద్రత నిమిత్తము కొన్ని సందర్భములలో పెద్ద అక్షరముల పేర్లకు కూడ మరియొక ప్రత్యేకమైన జాబితాలో చోటిచ్చినగాని దాటనీయరు. ఈ కట్టుబాటు తెలియక డైలాగు వ్రాసినచో జరుగునదేమి? వాడువాడు శ్రద్ధగా చదివి, ఆలోచించి, రెండవ బటను నొక్కును. తెర దానిని ఎన్నికైనట్లు చూపును. ఫైళ్లను పెట్టువాడు మాత్రము ముందుగా వ్రాసియున్న మొదటి విలువనే చదువుకొని పోవును. ఎక్కడను తప్పని హెచ్చరిక రాదు. కృతజ్ఞతలు తెలిపి కిటికీ మూసికొనును.

రెండవ సందర్భము నిశ్శబ్ద స్థాపన. తెర లేకుండ జరుపునప్పుడు కిటికీల వరుస యంతయు నడువనే నడువదు. కనుక ఏదైన లెక్కనుగాని తనిఖీనిగాని కిటికీలోని బటనుకే కట్టిపెట్టియున్నచో, అది జరుగదు. మూడవది క్రొత్త కూర్పు నెక్కించుట. ఏ భాగములు ఉన్నవి, ఏవి లేవు అను సంగతిని పాతదానినుండి క్రొత్తదానికి తెచ్చుకొను ఏర్పాటు విండోస్ ఇన్‌స్టాలరులో కలదు. కాని ప్రాపర్టీలలోని జవాబులను అది తనంత తాను గుర్తుంచుకొనదు. రచయిత వానిని రిజిస్ట్రీలో వ్రాయించి, మరునాడు చదివించవలెను. అట్లు చేయనిచో, మొదట వేరే డ్రైవులో పెట్టుమన్నవారి సాఫ్ట్‌వేరు రెండవసారి మామూలు చోటికే పోవును. ఒకమారు చెప్పిన మాటను మరచి, మరల అడుగకయే తన ఇష్టము చేయుట సంభాషణ యనిపించుకొనదు.

చెట్టుమీది ఎర్ర గుర్తు

భాగముల చెట్టు మొదటి చూపునకు చక్కగా నుండును. ప్రతి కొమ్మ ప్రక్కను డిస్కు బొమ్మ. దానిని నొక్కగా చిన్న మెనూ వచ్చును. ఈ భాగమును పెట్టుడు, దీనిని, దీని క్రింది వానినన్నిటిని పెట్టుడు, మొదట అవసరమైనప్పుడు పెట్టుడు, అసలు వలదు. నాలుగవదానిని ఎన్నుకొన్నచో ఎర్రని ఇంటూ గుర్తు పడును. చిక్కిక్కడనే యున్నది. ఎర్రని ఇంటూ గుర్తును ప్రజలు తప్పునకు, చెడిపోయినదానికి గుర్తుగా చదువుదురు. ‘ఇది మీరు కోరలేదు’ అని చెప్పవలసినచోట ‘ఇది పాడైనది’ అని వినబడును. ఎన్నుకొనుటకు టిక్కుల గడులను వాడుట నేర్పి, అదే పనికి ఇచట బొమ్మల భాషను వాడుట వలన, నేర్చిన పాఠము పనికిరాక పోవుచున్నది.

చెట్టు వరకు పోవువారే తక్కువ. అంతకుముందే ‘టిపికల్’, ‘కస్టమ్’ అని రెండు దారులు వచ్చును. కొన్నింట ‘కంప్లీట్’ అని మూడవది కూడ ఉండును. టిపికల్ అనగా సామాన్యులకు తగినది యను సూచన ఉండుటచేత ఎక్కువమంది దానినే నొక్కుదురు. లోపల జరుగునది ఒక అంకెల పోలిక. ప్రతి భాగమునకును ఒక స్థాయి సంఖ్య ఉండును. మొత్తము స్థాపనకొక స్థాయి సంఖ్య ఉండును. భాగపు సంఖ్య దానికి మించనిచో ఆ భాగము లోనికి వచ్చును. సున్న యున్నచో చెట్టున కనబడనే కనబడదు. అనగా సామాన్యుడెవడు, అతనికేమి కావలెను అని నిర్ణయించినది ఆ సంఖ్య వ్రాసిన మనిషి.

ఈ విషయము తెలుగువారికి నేరుగా తగులుచున్నది. లిబ్రెఆఫీస్ అను ఉచిత కార్యాలయ సాఫ్ట్‌వేరునకు తెలుగు మెనూలు కలవు. స్వచ్ఛందముగా పనిచేసినవారి శ్రమ ఫలితమది. విండోస్‌పై దాని స్థాపన ఎం.ఎస్.ఐ. పద్ధతిలోనే జరుగును. టిపికల్ దారిలో పోయినచో అది యంత్రపు భాషను బట్టి మెనూల భాషను నిర్ణయించుకొనును. తక్కిన భాషలు కస్టమ్ దారిలో, చెట్టులో, భాషల కొమ్మ క్రింద ఉండును. యంత్రము ఇంగ్లీషులో నున్నచోట తెలుగు చదువదలచినవాడు కస్టమ్ నొక్కి, కొమ్మను విప్పి, తెలుగును వెదకి, ఎర్ర గుర్తును మార్చవలెను. ఆజ్ఞతో జరుపువారికి యూఐ లాంగ్స్ అను ప్రాపర్టీ కలదు. అందు భాష సంకేతము వ్రాసిన చాలును. డిస్కుమీది చోటును మిగుల్చుటకు ఈ ఏర్పాటు సమంజసమే. కాని ‘మీకు మెనూలు ఏ భాషలో కావలెను?’ అను సూటి ప్రశ్న మొదటి కిటికీలోనే యున్నచో, ఎందరి శ్రమయో ఎందరికో అందియుండును. ఉన్న తెలుగు కనబడకపోవుట, లేకపోవుట కన్న ఎక్కువ కష్టము.

డైలాగుల వచనమును తెలుగున వ్రాయుటకును అడ్డంకి కలదు. ఎం.ఎస్.ఐ. పట్టికలలోని వచనము ఒక కోడ్ పేజీ ననుసరించి నిలువ యగును. విండోస్‌లో తెలుగుకు అట్టి పాత కోడ్ పేజీ లేదు. 2001లో విండోస్ ఎక్స్‌పీతో తెలుగు యూనికోడ్ రూపముననే వచ్చినది. పైగా కంట్రోలు పట్టికలో ప్రతి భాగమునకును పొడవు, వెడల్పు అంకెలలో బిగించి యుండును. ఇంగ్లీషు పంక్తికి సరిపోయిన ఎత్తులో మన గుడులు, వత్తులు ఇముడవు. చదువరాని ప్రశ్నకు ఇచ్చిన జవాబు జవాబగునా?

ముందే పెట్టిన టిక్కు

ఇన్‌స్టాలరు ముందుగా నిలిపి యుంచిన జవాబునకు డిఫాల్టు అని పేరు. దాని బలమెంతటిదో ఎరిక్ జాన్సన్, డేనియల్ గోల్డ్‌స్టీన్ అనువారు 2003లో సైన్స్ పత్రికలో చూపినారు. మరణానంతరము అవయవదానమునకు సమ్మతి తెలుపు విధానములను వారు పోల్చినారు. సమ్మతి యున్నవారు పేరు వ్రాయవలెనన్న జర్మనీలో సమ్మతి నూటికి 12. వలదన్నవారే పేరు వ్రాయవలెనన్న ఆస్ట్రియాలో 99.98. ఇరుగుపొరుగు దేశములలో, ఒకే భాష మాటలాడు ప్రజలలో ఇంతటి భేదము మనసులలోని భేదము కాజాలదు. ప్రశ్న అడిగిన తీరులోని భేదము.

ఈ బలమును వ్యాపారులు ఎరుగకపోలేదు. జావా స్థాపనలో కొన్నేండ్లపాటు ఆస్క్ సంస్థవారి టూల్‌బారును కూడ పెట్టుటకు ఒక గడి టిక్కుతోనే వచ్చెడిది. భద్రత కొరకు జావాను తాజాపరచుకొనువారికి, కోరని టూల్‌బారు తోడు వచ్చెడిది. 2013 నాటికి దీనిపై గట్టి నిరసనలు వచ్చినవి. న్యాయస్థానములు కూడ ఈ విషయమును విచారించినవి. ప్లానెట్49 అను జర్మను సంస్థ వ్యాజ్యములో 2019 అక్టోబరు 1న ఐరోపా న్యాయస్థానము, ముందే టిక్కు పెట్టిన గడి సమ్మతి కాదని తీర్పు చెప్పినది. టిక్కు తీయనివాడు ఆ వాక్యమును చదివెనో లేదో ఎవరికి తెలియును? ఆ తీర్పులోని తర్కమిదియే. మన దేశములో 2023 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ, కొనుగోలుదారులను ప్రక్కదారి పట్టించు పదమూడు విధముల తెర పన్నాగములను పేర్కొని మార్గదర్శకములు వెలువరించినది. అదే యేట చేసిన వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టము, సమ్మతి స్వేచ్ఛగా, స్పష్టమైన చర్య ద్వారా తెలుపబడవలెనని చెప్పుచున్నది. సమ్మతి కోరు వచనమును రాజ్యాంగము ఎనిమిదవ షెడ్యూలులోని ఏ భాషలోనైన చదువుకొను వీలు కల్పించవలెననియు చెప్పుచున్నది. ఆ భాషలలో తెలుగు ఒకటి.

డిఫాల్టులే ఉండరాదని దీని అర్థము కాదు. ప్రతి చిన్న విషయమును అడిగినచో మనిషి విసిగి, అన్నింటికిని నెక్స్ట్ అనును; అది అసలు అడుగకపోవుట కన్న హీనము. ఏ ఫోల్డరు అను ప్రశ్నకు డిఫాల్టు ఉండుట మేలు. కాని ముందుగా నిలిపిన జవాబు వలన లాభపడునది ఎవరు? వాడువాడైనచో అది సౌకర్యము; తయారీదారుడు మాత్రమే యైనచో అది వల. ఏ డిఫాల్టునైనను ఈ ఒక్క ప్రశ్నతో తూచవచ్చును.

ఏమి చేయవలెను

డైలాగు వ్రాయువారు కొన్ని నియమములు పాటించినచో పై దోషములు చాలవరకు తొలగును. ఒక్కటే ఎన్నుకొనవలసినచోట రేడియో బటనులు, విడివిడి విషయములకు చెక్ బాక్సులు వాడవలెను. సమ్మతి ప్రశ్నలకు అవునుకును కాదుకును వేరువేరు విలువలు పెట్టవలెను. ఏదియు ముందుగా ఎన్నికై యుండరాదు. జాబితా వరుసను తెరమీదనే చూచి నిర్ధారించుకొనవలెను. కిటికీలో అడిగిన ప్రతి ప్రశ్నకును నిశ్శబ్ద స్థాపనలో వాడదగిన ప్రాపర్టీ ఉండవలెను. దాని పేరు కరపత్రములో అచ్చు కావలెను. ఒకసారి చెప్పిన జవాబును క్రొత్త కూర్పు గౌరవించవలెను. భాషను గూర్చిన ప్రశ్న మొదటి కిటికీలో ఉండవలెను.

పాఠశాలలలో, కార్యాలయములలో ఈ పనిని చూచుకొనువారికి కూడ ఒక పని కలదు. స్థాపన జరుపునప్పుడు సవిస్తరమైన లాగు ఫైలును వ్రాయుమని విండోస్ ఇన్‌స్టాలరును అడుగవచ్చును. అందు చివర ప్రాపర్టీల విలువలు వరుసగా ఉండును. ప్రాపర్టీ అను మాట ప్రక్కన సీ అను అక్షరమున్న పంక్తులు కిటికీల దశలోనివి. ఎస్ అను అక్షరమున్నవి ఫైళ్లు పెట్టిన దశలోనివి. మీరెన్నుకొన్న విషయపు పేరును రెంటిలోను వెదకి, విలువలు ఒకటిగా నున్నవో లేవో చూడుడు. ముప్పది యంత్రములలో స్థాపనకు ముందు ఒక్క యంత్రములో ఈ తనిఖీ చేసినచో పావుగంట కన్న పట్టదు. చూపిన జవాబు, జరిగిన జవాబు వేరైనచో ఆ సాఫ్ట్‌వేరును పంపినవారికి ఆ రెండు పంక్తులను జతచేసి వ్రాయుడు. అంతకన్న గట్టి సాక్ష్యము వేరే అక్కరలేదు.